సైకిలుకి ఇంజను కట్టబోయే అబ్బాయికి నాలుగు మంచి మాటలు

సైకిలుకి ఇంజను బిగించాలని తిరుగుతున్నావని మీ నాన్న చెప్పాడు. సంతోషం. తెలిసినవాళ్ళనెవరినైనా అడిగి చెడిపోకముందే నా దగ్గరికి వచ్చావు, కూర్చో.

ముందు ఇంజను ఎంపిక. మిరప తోటల్లో మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు, వీటి ఇంజన్లు 25 సీసీకి అటూ ఇటూ ఉంటాయి. మన మోటారు వాహనాల చట్టం ప్రకారం నాలుగు చక్రాల కంటే తక్కువున్న బండికి 25 సీసీ దాటని ఇంజను ఉంటే, అది మోటారు వాహనం లెక్కలోకే రాదు. అంటే పోలీసు ఆపినా అడగడానికి ఏమీ ఉండదు. అలాంటి ఇంజను కొని ఏం లాభం? ఊళ్ళో నీ గురించి ఎవరు మాట్లాడుకుంటారు? పెద్దదే కొను. 25 దాటితే రిజిస్ట్రేషనూ, లైసెన్సూ, ఇన్సూరెన్సూ కావాలంటారు. ఇంటి దగ్గర బిగించిన ఇంజనుకి ఆ కాగితాలు పుట్టవని కూడా అంటారు. సీసీ రాసున్న స్టిక్కరు గోటితో గీకెయ్. స్టిక్కరు లేని ఇంజనుకి సీసీలు ఎక్కడివి?

ఆన్‌లైన్‌లో చైనా కిట్లు దొరుకుతాయి. పెట్టె మీద 80 సీసీ అని ఉంటే 80 అనే నమ్ము. బోరు 47 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 38, లెక్క కడితే 66 కూడా నిండదని ఎవడో ఒకడు కాగితం మీద వేసి చూపిస్తాడు. అలాంటివాడితో స్నేహం మానెయ్.

పెట్రోలు ట్యాంకు మీద డబ్బు తగలెయ్యకు. 1946లో జపాన్‌లోని హమామత్సులో సోయిచిరో హోండా, యుద్ధంలో వైర్‌లెస్ సెట్లకి కరెంటు ఇచ్చిన చిన్న ఇంజన్లు తెచ్చి సైకిళ్ళకి బిగించినప్పుడు ట్యాంకుగా పెట్టింది ఏమిటనుకున్నావు? చలికాలం పక్కలో పెట్టుకునే వేణ్ణీళ్ళ డబ్బా. ఆయనకి డబ్బా చాలినప్పుడు నీకు కూల్‌డ్రింకు సీసా చాలదా? సైలెన్సరుకి దగ్గరగా కట్టు, పైపు ఖర్చు తగ్గుతుంది. ఆయనది రేకు, నీది ప్లాస్టిక్కు అని నసిగేవాళ్ళుంటారు. తెచ్చిన ఇంజన్లు అయిపోవస్తుంటే మరుసటేడు ఆయన సొంతంగా ఇంజను తయారుచేసుకున్నాడంటారు. ఆ గొడవ మనకెందుకు, డబ్బా వరకు తీసుకుందాం.

ఇక అసలు సంగతి, ఆయిలు. ఇక్కడే లోకమంతా మోసపోతోంది. ఈ టూ స్ట్రోక్ ఇంజన్లకి ఆయిల్ పోసే గది విడిగా ఉండదు. పెట్రోల్లోనే కలపాలట, ఇరవై అయిదుకి ఒక పాలు, అంటే లీటరుకి 40 మిల్లీలీటర్లు. కొత్త ఇంజనైతే 50 దాకా పొయ్యమంటారు. పెట్రోలూ గాలీ ముందు క్రాంకు ఉన్న అరలోకి వచ్చి, అక్కణ్ణించి సిలిండర్లోకి ఎక్కుతాయనీ, దారిలో బేరింగులకీ పిస్టన్‌కీ తడి అంటేది ఆ కాస్త ఆయిలుతోనేననీ వాళ్ళ వాదన. మరి చివరికి ఆ ఆయిలు ఏమవుతోంది? కాలి సైలెన్సరులోంచి నీలం పొగై పోతోంది. డబ్బులిచ్చి కొన్నది పొగై పోతుంటే చూస్తూ ఊరుకుంటావా? ఒకప్పుడు లూనాలకీ, టీవీఎస్ ఫిఫ్టీలకీ బంకుల్లో 2టీ ఆయిలు కొలిచి పోసేవారు. ఆ రోజులు పోయాయి, ఆ ఖర్చూ పోనీ.

మరీ మనసొప్పకపోతే ఆముదం పొయ్యి. నవ్వకు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల రోటరీ ఇంజన్లు నడిచింది ఆముదంతోనే. అది పెట్రోల్లో సరిగ్గా కలవదు కాబట్టే, దాన్ని పెట్రోలు కడిగెయ్యదని ఏరికోరి వాడారు. వాళ్ళు దాన్ని వేరే పంపుతో పంపేవారు. నువ్వు నేరుగా సీసాలో పోస్తావు కనక అది అడుగున భద్రంగా నిలబడి ఉంటుంది. ఒక్కసారి పోస్తే ఏళ్ళ తరబడి వస్తుంది.

ప్లగ్గు విప్పి చూడ్డం కూడా నేర్చుకో. మెకానిక్కులు టీ రంగులో ఉండాలంటారు. నల్లగా తడిగా ఉంటే పెట్రోలో ఆయిలో ఎక్కువైందని అర్థమట. నా మాట విని తెల్లగా ఉండేట్టు చూసుకో, మల్లెపువ్వులా మెరవాలి. కార్బురేటర్ జెట్టు సన్నది వేస్తే పెట్రోలు తగ్గి, గాలి పెరిగి, ఆ తెలుపు వస్తుంది, మైలేజీ కూడా వస్తుంది. ఇంజను కాస్త వేడెక్కుతుంది. పిస్టన్ ఉబ్బి సిలిండర్ గోడకి పట్టేస్తుందని బెదిరిస్తారు.

పట్టెయ్యనీ! నా పద్ధతిలోని గొప్పతనం నీకు తెలిసేది అక్కడే. ఆ కిట్లలో ఇంజను నుంచి చైను వెనక చక్రానికి వెళుతుంది కదా. క్లచ్చు నొక్కేలోపు ఇంజను పట్టేస్తే చక్రం కూడా బిగుసుకుపోతుంది. అంటే నీకు కొత్త బ్రేకు వచ్చింది, దమ్మిడీ ఖర్చు లేకుండా. సైకిలు బ్రేకుల గురించి జనం అనవసరంగా కంగారు పడతారు. 15 కిలోమీటర్ల వేగం 30 అయితే బండిలో ఉన్న శక్తి రెండింతలు కాదు, నాలుగింతలని స్కూల్లో చెప్పే ఉంటారు. రాడ్ బ్రేకు రబ్బరు ముక్కలు ఆ శక్తిని మొయ్యలేవు. వానలో తడిసిన రింగు మీదైతే మొయ్యడానికి ప్రయత్నం కూడా చెయ్యవు. అందుకే నువ్వు బ్రేకులు మార్పించకు. చెప్పులు మాత్రం మందంగా ఉన్నవి కొనుక్కో.

ఎయిర్ ఫిల్టరు పీకెయ్, చప్పుడు బాగుంటుంది. పత్తి చేల దారిలో లేచే దుమ్ము సిలిండర్ గోడని అదే అరగదీసి నున్నగా చేస్తుంది, బోరు చేయించే ఖర్చు మిగులుతుంది.

నట్లు బిగించే అలవాటు చేసుకోకు. ఈ ఇంజను అదురుకి అవి ఎలాగూ వదులవుతాయి, ముందు సైలెన్సరువి, తర్వాత ఫ్రేముకి పట్టించినవి. రెండు రోజులకోసారి పానా పట్టుకు కూర్చునే బదులు, రాలినచోటే ఏరుకోవడం నయం. వెనక పళ్ళచక్రాన్ని చక్రం చువ్వలకే రబ్బరు ముక్కలు అడ్డుపెట్టి బిగిస్తారు. అది ఒకవైపు గుంజి రింగు వంకరపోతే కంగారు పడకు, బండి నడకలో ఒక వయ్యారం వస్తుంది.

వానాకాలం నాలుగు నెలలు నడపకపోతే సీసా నిండా పెట్రోలు పోసి పశువుల కొట్టంలో పెట్టెయ్. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. దానికి తేమ పీల్చే గుణముంది. మరీ ఎక్కువ పీల్చితే నీళ్ళతో కలిసి అడుగుకి దిగుతుంది. అడుగున మన ఆముదం ముందే ఉంది కాబట్టి ఒంటరితనం ఉండదు.

ఇన్ని చేశాక కూడా బండి స్టార్టు కాకపోతే అమ్మెయ్. అమ్మేముందు ఫిల్టరు వెతికి పెట్టు, రంగు వేయించు, సీసా తీసి బయట దొరికే చిన్న ట్యాంకు ఒకటి తగిలించు. స్టార్టు చేసి చూపించమంటే ఇప్పుడే పెట్రోలు అయిపోయిందని చెప్పు. ఎవరికి అమ్మాలో కూడా చూసుకో. లీటరుకి ఆయిలు ఎంత కలుపుతున్నావని అడిగినవాడికి మాత్రం అమ్మకు. వాడు మర్నాడు పొద్దున్నే ఇంటికొస్తాడు.