బొట్టుబిళ్లతో ఇంజన్ రిపేరు

కారుకు పదేళ్లు దాటాక ఒకరోజు మీటర్ల మధ్య పసుపు రంగులో చిన్న ఇంజన్ బొమ్మ వెలుగుతుంది. వెంటనే సర్వీసు సెంటర్‌కు తీసుకెళ్లమని కారుతో వచ్చిన పుస్తకం చెబుతుంది. అది రాసినవాళ్లకు నెలాఖరంటే ఏమిటో తెలియదు. నా 2014 మోడల్ బండితో ఎనిమిది నెలలు సాధన చేసి నేర్చుకున్న పద్ధతులు ఇవి.

1. పెట్రోలు కల్తీ అని తేల్చేయండి. రెండు బంకులు మార్చి చూసేసరికి నెల గడిచిపోతుంది.

2. చప్పుడు వస్తే రోడ్డును తిట్టండి. మన రోడ్లు కాదనలేవు.

3. అందరినీ సలహా అడగండి, మెకానిక్‌ను తప్ప. మా బావమరిది వంగి చూసి, "ఏదో సెన్సర్ అయ్యుంటుంది, లైట్ తీస్కో బావా" అన్నాడు. ఇంత పొదుపైన వైద్యం ఎక్కడా దొరకదు.

4. బొట్టుబిళ్ల అంటించండి. మా ఆవిడ అద్దానికి అతికించి మరిచిపోయిన మెరూన్ బిళ్ల ఆ బొమ్మ మీద కొలత తీసినట్టు సరిపోయింది. ఎవరైనా అడిగితే దిష్టికని చెప్పండి.

5. బ్యాటరీ వైరు పీకండి. ఇది నాకు ప్రాణప్రదమైన చిట్కా. మైనస్ టెర్మినల్ ఊడదీసి, టీ తాగొచ్చి మళ్లీ బిగిస్తే చాలావరకు దీపం మాయమవుతుంది. కారులోని కంప్యూటరు అప్పటిదాకా రాసిపెట్టుకున్న ఫిర్యాదు చెరిగిపోతుంది. జబ్బు అలాగే ఉందని మీకు తెలుసు, నాకు తెలుసు, కంప్యూటరుకే తెలియదు. పాపం అది ఒక్కో సెన్సర్‌నూ మళ్లీ మొదటినుంచీ విచారించుకుంటూ రావాలి. అందుకు కొన్ని ప్రయాణాలు పడుతుంది. ఆ నాలుగు రోజులూ మీవే.

నేను అక్కడితో ఆగలేదు. ఆన్‌లైన్‌లో చిన్న స్కానర్ కొన్నాను. స్టీరింగు కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. అందులో గుచ్చి ఫోనుకు కలిపితే కోడ్ చెబుతుంది. నాది పీ0300. ఒక సిలిండర్ అని కాకుండా ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకోటి పెట్రోలు సరిగ్గా మండించడం లేదన్నమాట. మెకానిక్ భాషలో మిస్సింగ్. ప్లగ్గులో, కాయిలో, ఇంజెక్టరో చూసుకోవాలి. జబ్బు పేరు తెలియగానే సగం నయమైనంత హాయి కలిగింది. ఆఫీసులో నలుగురికీ ఆ కోడ్ గొప్పగా చెప్పాను. యాప్‌లో కోడ్ చెరిపేసే మీట కూడా ఉంది. ఆదివారం తలంటు పోసుకున్నంత నియమంగా వారం వారం నొక్కాను. స్కానర్‌కు పెట్టిన డబ్బుతో ప్లగ్గులు మార్చుకోవచ్చు కదా అని ఒక్క ఆదివారమూ తట్టలేదు.

6. పొల్యూషన్ సర్టిఫికెట్ చూపించండి. అమెరికాలో 1996 నుంచి వచ్చిన కార్లన్నిటికీ ఈ సాకెట్ ఉంది. కాలిఫోర్నియాలో ఈ దీపం వెలుగుతుంటే పొగ తనిఖీలో బండి తప్పినట్టే. మన దగ్గర గొట్టంలో పొగ చూస్తారు, డ్యాష్‌బోర్డు జోలికి రారు. మర్యాదస్తులు.

7. దసరాకు పూజ ఘనంగా చేయండి. బానెట్‌కు పసుపు కుంకుమలు, టైర్ల కింద నిమ్మకాయలు. బానెట్ ఎత్తడం మాత్రం వద్దు.

8. దీపం మిణుకుమంటే... ఇక్కడ వేళాకోళం కాసేపు ఆపుతాను. పెళ్లికని హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్తున్నాం. సూర్యాపేట దాటాక బండి కుదుపులు మొదలుపెట్టింది. బొట్టుబిళ్ల అంచున పసుపు వెలుగు మిణుకుమిణుకుమంది. దీపం నిలకడగా వెలిగితే త్వరగా చూపించుకోమని, మిణుకుమంటే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి పక్కకు ఆపమని అర్థం. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాట్‌కాన్‌లోకి పోయి అక్కడ మండుతుంది. లోపలి పింగాణీ తేనెపట్టు కరిగిపోయేంత వేడి పుడుతుంది. ఇదంతా నాకు తెలుసు, చదివాను. అయినా ముహూర్తం చూసుకుని తొక్కాను.

"ఎన్నాళ్లనుంచి సార్ ఈ లైటు?" అన్నాడు మెకానిక్.

"నిన్నటినుంచే" అన్నాను. అతను గోటితో బొట్టుబిళ్ల ఊడదీసి, దాని కింద నల్లబడ్డ జిగురు గుండ్రాన్ని చూసి, ఇంకేమీ అడగలేదు. కాయిల్‌తో పోయేది క్యాట్‌కాన్ దాకా వచ్చింది. గోటితో పోయేదానికి గొడ్డలి.

దారిలో బండి ఆగిపోతుందని నేనెప్పుడూ భయపడలేదు. బానెట్ ఎత్తితే ఎంతవుతుందోనని భయపడ్డాను. ఆ అంకె వినేదాకా ఖర్చు లేనట్టే. పన్ను సలిపితే లవంగం పెట్టుకుని ఏడాది నెట్టుకొచ్చే వంశం మాది.

ఇప్పుడు తాళం తిప్పగానే ఆ బొమ్మ వెలిగి, ఇంజన్ అందుకోగానే ఆరిపోతుంది. చూస్తుంటే కడుపు నిండిపోతుంది.

మొన్న మా ఆవిడ అంది: "ఏవండీ, ముందు చక్రం దగ్గర ఏదో కిర్రుమంటోంది."

రెండో చిట్కా చూడండి.