పేటలో పచ్చిమేత

చిలకలూరిపేటలో సలాడ్ తినడం నేరం కాదు. కాకపోతే చుట్టాలున్నప్పుడు తినకపోవడం మంచిది. చూసినవాళ్ళు ముందు నా మొహంలోకి, తర్వాత మా ఆవిడ మొహంలోకి చూసి, గొంతు తగ్గించి "షుగరా? గుండెకాయా?" అని అడుగుతారు. రెండూ కాదు, ఊరికే తింటున్నానని బుకాయిస్తే పైకి చెప్పుకోలేని మూడో రోగమేదో ఉందని తీర్మానించుకుని, వెళ్ళేటప్పుడు బత్తాయిలు కొనిచ్చి మరీ వెళతారు.

మాది మిరపకాయల సీమ. 2022 ఏప్రిల్ 4న మమ్మల్ని గుంటూరు జిల్లాలోంచి తీసి పల్నాడు జిల్లాలో పెట్టారు గానీ, కారం ఏ కలెక్టరేటుకూ లొంగే సరుకు కాదు. పైగా ఎండలకు పేరుమోసిన రెంటచింతల ఇప్పుడు మా జిల్లాదే. సలాడ్‌కు వాడే లెట్యూసేమో చలువ కోరే మొక్క. వేడి తగిలితే పూతకొచ్చి ఆకు చేదెక్కుతుంది. ఎక్కడి నుంచో ఐసు మీద తెప్పించినా, ఎన్నార్టీ సెంటర్‌లో బస్సు దిగేసరికే తల వాల్చేస్తుంది. దాన్ని కొన్నవాడికీ, దానికీ ఒకే రకం ఓదార్పు కావాలి.

హైవే మీద దాబాల్లో సలాడ్ అడిగితే ఉల్లిపాయ చక్రాలు, కీరా బిళ్ళలు, ఓ నిమ్మచెక్క వస్తాయి. డ్రెస్సింగ్ అంటే ఆ నిమ్మచెక్కే. పిండితే మొదటి చుక్క మన కంట్లో, రెండోది పక్కవాడి చొక్కా మీద, ఏమైనా మిగిలితే కీరా మీద పడుతుంది.

పెళ్ళిళ్ళ సంగతి వేరు. అక్కడ సలాడ్‌కు ప్రత్యేకంగా ఓ బల్ల ఉంటుంది. పుచ్చకాయలో చెక్కిన వినాయకుడు, క్యారెట్ పువ్వులు, మధ్యలో తెల్లగా రష్యన్ సలాడ్. మాస్కోలో హెర్మిటేజ్ అనే హోటల్లో ఒలివియే అనే వంటవాడు 1860ల్లో మొదలుపెట్టిన వంటకం అది. మా క్యాటరింగ్ వాళ్ళ చేతిలో పడ్డాక అందులోకి అనాసపండు, చెర్రీలు, చక్కెర వచ్చి చేరాయి. దాన్ని దద్దోజనం అనుకుని ఓ పెద్దాయన మాగాయ నంజుకుని తినడం నేను కళ్ళారా చూశాను. "బాగానే ఉంది, ఉప్పు తగ్గింది" అన్నారు.

నా గొడవకొస్తే, డాక్టరుగారు అన్నం తగ్గించి పచ్చికూరలు పెంచమన్నారు. ఉత్త కీరా, ఉత్త క్యారెట్ నాలుగు రోజులు నమిలితే మనిషికి వైరాగ్యం వస్తుంది. అందుకని పెద్ద దుకాణానికి వెళ్ళి డ్రెస్సింగ్ సీసాల ముందు నిలబడ్డాను. ఒకదాని మీద 'జీరో ఫ్యాట్' అని ఎర్రక్షరాలు. వెనక్కి తిప్పి చదివాను. లేబుల్ మీద పదార్థాల వరసకు ఓ ధర్మం ఉంది: ఏది ఎక్కువుంటే అది ముందు రాయాలి. నీళ్ళు మొదట, చక్కెర రెండోది. కొవ్వు తీసేసిన చోట రుచికి ఇంకెవరినో కూర్చోబెట్టాలి కదా, పంచదారను కూర్చోబెట్టారు. నా షుగరుకు ఇంత మర్యాద ఏ బంధువూ చేయలేదు.

పోనీ, ఆ జీరో వల్ల లాభమేమన్నా ఉందా అంటే, అదీ అనుమానమే. క్యారెట్‌కు రంగునిచ్చే కెరోటిన్లు నూనెలోనే కరుగుతాయి. 2004లో అమెరికాలో కొందరికి సలాడ్ పెట్టి, తర్వాత రక్తం పరీక్షించి చూశారు. కొవ్వు లేని డ్రెస్సింగ్‌తో తిన్నవాళ్ళకు ఆ కెరోటిన్లు దాదాపు ఒంటబట్టనే లేదు. నూనె ఉన్నదానితో తింటే పట్టాయి. అంటే నూనె బొత్తిగా లేకుండా కష్టపడి నమిలిన క్యారెట్‌లో సారం చాలావరకు వచ్చిన దారినే పోతుంది. దవడ నొప్పి మాత్రం మనకే మిగులుతుంది.

ఇంకో సీసా చిక్కటిది, మీగడ రంగుది. దాని వెనక చదువుతుంటే 'శుద్ధి చేసిన పత్తిగింజల నూనె' అని కనపడింది. నేను ఆ సీసా కొన్నది రుచి కోసం కాదు, బంధుప్రీతి కొద్దీ. పత్తి మా ఊరి పంట. పేట చుట్టూ స్పిన్నింగు మిల్లులు. పత్తిలో దూది మూడో వంతే, మిగిలిందంతా గింజే. ఆ గింజలు నానబెట్టి రుబ్బి, తవుడులో కలిపి గేదెలకు పెట్టడం చూస్తూ పెరిగినవాణ్ణి. సీసా ఇంటికి తెచ్చి మా పెద్దమ్మకు చదివి వినిపించాను.

"ఏందిరా అబ్బాయ్, మా గేదె తిన్నదేగా ఇది? అది తిని పాలన్నా ఇచ్చేది. నువ్వు తిని ఏమిస్తావు?" అంది.

పెద్దమ్మకు తెలియదు గానీ, సలాడ్ నూనెల చరిత్రలో పత్తిగింజది పెద్దపీట. పచ్చి పత్తిగింజల నూనె నల్లగా, చేదుగా ఉంటుంది. అది గాసిపాల్ అనే పదార్థం గుణం. గేదె పొట్ట దాన్ని సంబాళించుకుంటుంది, మనిషి పొట్ట సంబాళించుకోలేదు. శుద్ధి చేసి ఆ రంగు పోగొట్టినా వాసన వదిలేది కాదు. 1899 ప్రాంతంలో డేవిడ్ వెస్సన్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త వేడి ఆవిరి పట్టించి ఆ వాసన వదలగొట్టాడు. అప్పటి నుంచి అది దర్జాగా సలాడ్ ఆకుల మీదికెక్కింది. దొడ్డిదారిన అంతకు ముందే ఎక్కింది లెండి. అమెరికా నుంచి ఇటలీకి వెళ్ళి, అక్కడ ఆలివ్ నూనెలో కలిసి, ఇటలీ చీటీ అంటించుకుని మళ్ళీ అమెరికాకే వచ్చేది. 1880ల్లో ఇటలీ ప్రభుత్వం దాని మీద గట్టి సుంకం వేసేదాకా ఆ తీర్థయాత్ర సాగింది. ఇప్పుడు కూడా నూనెకు 'సలాడ్ ఆయిల్' హోదా రావాలంటే ఒక పరీక్ష ఉంది. సున్నా డిగ్రీల చలిలో ఐదున్నర గంటలు ఉంచినా మసకబారకూడదు. పేటలో ఆ చలి కావాలంటే నూనెతోపాటు మనమూ ఫ్రిజ్‌లో కూర్చోవాలి.

నా బాధేమిటంటే, ఇంత చదివాక ఆ సీసా వేసుకుని తింటే అది చప్పగా, పుల్లగా, తియ్యగా, ఏ ఊరిదో చెప్పకుండా నోట్లోంచి దిగిపోయింది. పెద్దమ్మ వేలితో నాకి చూసి మాట్లాడకుండా లేచి వెళ్ళి, దోసావకాయ జాడీ తెచ్చి నా ముందు పెట్టింది. అప్పుడు వెలిగింది నాకు. ఫ్రాన్సువాళ్ళ విన్‌గ్రెట్‌లో ఏముంటుంది? నూనె, పులుపు, ఉప్పు, ఆవ. దోసావకాయలో? పచ్చి దోసకాయ ముక్కలు, వాటి పులుపు, ఉప్పు, ఆవపిండి, నువ్వుల నూనె. పైన కారం, అది మన సంతకం. ఆవపిండి రెండిట్లోనూ ఒకే ఉద్యోగం చేస్తోంది. కలవనని మొండికేసే నూనెనూ నీటినీ పట్టుకుని గుజ్జుగా నిలబెడుతుంది.

ఆవగింజ మామూలుది కాదు. దాని ఘాటు గింజలో తయారుగా ఉండదు. ఘాటుకు కావలసిన రెండు సరుకులు లోపల వేరువేరు గదుల్లో కాపురం ఉంటాయి. దంచి తడి తగిలిస్తే గోడలు కూలి, రెండూ కలిసి, ముక్కులోంచి నడినెత్తికి తగిలే ఆ ఘాటు పుడుతుంది. తాలింపులో వేస్తే వేడికి ఆ సరుకుల్లో ఒకటి చచ్చిపోతుంది. అందుకే తాలింపు ఆవాలు చిటపటమంటాయి తప్ప ముక్కు జోలికి రావు. ఆవపిండిని చల్లటి నీళ్ళతో కలిపి కాసేపు ఆగి, ఘాటు పుట్టాక నిమ్మరసం పోయాలి. ముందే పోస్తే ఘాటు సరిగా పుట్టదు. ఇది తెలియక చాలామంది ఆవాలు మంచివి కావని కొట్టువాడితో పోట్లాడతారు.

అయితే దోసావకాయను దోసావకాయలాగే తిని సలాడ్ తిన్నానంటే డాక్టరుగారు ఊరుకోరు. ఉప్పూ కారం పావు వంతుకు దించాలి. మిగతా పులుపంతా నిమ్మకాయకు వదిలెయ్యాలి. దోసకాయను ముందు కొరికి చేదు చూడాలి, ఈ ఒక్క పనిలో సిగ్గుపడకూడదు. గింజలు తీసి, ముక్కల తడి గుడ్డతో అద్దెయ్యాలి. తడి ముక్కకు నూనె అంటదు, జారి గిన్నె అడుక్కి చేరుతుంది. ఉప్పు వడ్డించే ముందే వెయ్యాలి. ముందుగా వేస్తే దోసకాయ తన నీళ్ళన్నీ వదిలి మనకు చారు పెడుతుంది. నూనె, పులుపు మూడుకు ఒకటి చొప్పున కలపమని ఇంగ్లీషు పుస్తకాలు చెబుతాయి. నిమ్మకాయతో పుట్టి పెరిగిన నాలుకకు ఒకటికి ఒకటి చాలు, నూనె కూడా కలిసొస్తుంది.

నూనె ఏదంటే, నా ఓటు గానుగ నువ్వుల నూనెకే. ఆలివ్ నూనె మంచిదే, కాదనను. కానీ దాని పక్కన పచ్చిమిరపకాయను కూర్చోబెడితే ఇద్దరూ మాట్లాడుకోరు. నువ్వుల నూనె అలా కాదు, ఈ ఊళ్ళో అందరూ దానికి తెలిసినవాళ్ళే. ఇక క్యాబేజీ, క్యారెట్ తురుములాంటి గట్టివాటికి వేయించిన వేరుశెనగ గుళ్ళు, నూపప్పు, ఓ పచ్చిమిరపకాయ, కాస్త చింతపండు రసం మెత్తగా రుబ్బి, పల్చన చేసి కలుపుతాను. ఇడ్లీ చట్నీ కదా ఇది అని మా ఆవిడ అంటుంది. ఆవిడ మాట నిజమే, కాబట్టి జవాబు చెప్పను.

అసలు సలాడ్ మనకు కొత్త, డ్రెస్సింగ్ పాతది. గోంగూర పచ్చడి, పండుమిరపకాయ పచ్చడి, కొరివికారం, పెరుగు పచ్చడి, ఇవన్నీ డ్రెస్సింగులే. కింద ఉండాల్సిన ఆకుల బదులు మనం తెల్లన్నం పరిచాం. అదే చిక్కు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 27 గ్రాముల నూనె, 5 గ్రాములు దాటని ఉప్పు అని ఉంది. మా వీధిలో చదివి వినిపిస్తే, ఆ 27 గ్రాములు మనిషికా, ముద్దకా అని అడిగారు. కూరగాయల లెక్కలో ఆవకాయ ముక్క వస్తుందా అని ఇంకొకాయన అడిగాడు.

ఈ పెరుగు పచ్చడి విషయం మా పెద్దమ్మ మనవడు డాలస్ నుంచి ఫోన్ చేసినప్పుడు వచ్చింది. వాడు సలాడ్‌లో రాంచ్ అనేదే పోసుకుంటాడట. "అదేంటి బాబూ?" అంటే, "మజ్జిగ, మయోనీజ్, వెల్లుల్లి, ఉల్లి, ఏవో ఆకులు బాబాయ్" అన్నాడు. స్టీవ్ హెన్సన్ అనే ఒకాయన ప్లంబింగ్ పనులు చేసుకుంటూ పనివాళ్ళకు వండిపెట్టే రోజుల్లో అది కలిపాడు. 1950ల్లో భార్యతో కలిసి కాలిఫోర్నియాలో శాంటా బార్బరా దగ్గర కొండల్లో ఓ రాంచ్ (పశువుల క్షేత్రం) కొని, దానికి హిడెన్ వ్యాలీ అని పేరు పెట్టి, వచ్చిన అతిథులకు ఇదే పోశాడు. 1972లో ఆ వ్యాపారాన్ని 80 లక్షల డాలర్లకు క్లోరాక్స్ కొనుక్కుంది. క్లోరాక్స్ అంటే బట్టలు తెల్లబరిచే బ్లీచింగ్ నీళ్ళు అమ్మే కంపెనీ. ఇదంతా పెద్దమ్మకు విడమరిచి చెప్పాను. మజ్జిగలో వెల్లుల్లి వేసినందుకు అంత డబ్బా అని కాసేపు పలకలేదు.

వాడికి నేను చెప్పిన మార్గం ఇది. మయోనీజ్ తీసెయ్, గట్టి పెరుగును గుడ్డలో వేలాడదీసి నీళ్ళు వార్చు, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర నూరి కలుపు, పైన ఒక్క చెంచా నువ్వుల నూనెతో ఇంగువ తాలింపు. మిరపకాయ మంట నీళ్ళకు లొంగదు, పాల పదార్థాలకు లొంగుతుంది. కాబట్టి మన పాళ్ళలో వేసినా నీ తెల్ల స్నేహితులు బతికి బట్టకడతారు. దోసావకాయ సలాడ్ కూడా చెప్పాను. వాడు రెండూ చేసి ఆఫీసులో అందరూ తలో వంటకం తెచ్చే రోజున పట్టుకెళ్ళాడు. మర్నాడే ఫోను.

"బాబాయ్, గిన్నెలు నాకేశారు. దోసావకాయ రెసిపీ రాసిమ్మని మా మేనేజర్ వెంటపడుతున్నాడు. నాన్నమ్మ చేతి కొలతలు సరిగ్గా చెప్పించవా?"

స్పీకర్లో పెట్టాను. పెద్దమ్మ అంతా విని, ఫోను దగ్గరికి జరిగి, రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించింది. కానీ ఆవిడ తగ్గించినా వీధి చివరికి వినపడుతుంది.

"ఒరే నాయనా, ఉప్పు ఎంతో చెప్పు, నూనె ఎంతో చెప్పు. ఆవపిండి ఎంతో మాత్రం చెప్పమాక. చెబితే ఆడు పోయి ఆ బట్టల నీళ్ళోళ్ళకి అమ్ముకుంటాడు."