డ్రమ్ములో బాగానే తిరుగుతోందిగా!

బోటు ఇంజను లాగడం లేదని ఒడ్డున నలుగురిలో అన్నారా, ఎనిమిది సలహాలు వస్తాయి. మొదటిది ఎప్పుడూ ఒకటే: "విప్పి నీళ్ల డ్రమ్ములో దింపు, తిప్పి చూద్దాం." దింపుతారు, తిప్పుతారు, గుయ్యిమని తిరుగుతుంది. "బాగానే ఉందిగా, నీదంతా అనుమానం" అని ఎవరిదారిన వాళ్లు పోతారు. మర్నాడు వల, ఐసు, నలుగురు మనుషులతో బయల్దేరితే మళ్లీ అదే నీరసం.

డ్రమ్ములో సగం థ్రాటిల్ ఇస్తేనే నీళ్లన్నీ బయటికి చిమ్ముతాయి. ఇంక పూర్తిగా ఇచ్చి చూసేదెక్కడ? బరువు మోయని ఇంజను తాగే పెట్రోలు కొంచెమే, ఆ కొంచెం ఎలాగోలా అందుతుంది. బరువు పడ్డప్పుడే దాని అసలు ఆకలి తెలుస్తుంది. కాబట్టి వెతకాల్సింది బోటు మీదే, బరువుతోనే, నెమ్మదిగా ఉన్న నీళ్లలో.

రెండో సలహా మా ఇంట్లోనే నష్టం చేసింది. "క్యాను మూత మీది గాలి మర బిగించెయ్, లేకపోతే పెట్రోలు ఆవిరైపోతుంది" అని ఎవరో చెప్తే మా బావ బిగించాడు. మోసుకెళ్లేటప్పుడు, దాచేటప్పుడు బిగించాల్సిందే. నడిపేటప్పుడు కూడా అలాగే ఉంచేశాడు. పెట్రోలు బయటికి పోతున్నకొద్దీ లోపలికి గాలి రావాలి. రాకపోతే క్యాను తనలోకి తానే పీల్చుకుంటుంది, పెట్రోలు కదలదు. అరగంట బాగా నడవడం, తర్వాత చతికిలబడడం, కాసేపు ఆపితే మళ్లీ లేవడం. మెకానిక్ కార్బురేటర్ మార్చించాడు. డబ్బు పోయింది, జబ్బు పోలేదు. కొన్నాళ్లకు క్యాను పక్కలు లోపలికి నొక్కుకుపోయి ఉండటం చూసి మర విప్పితే, బుస్సుమని గాలి లోపలికి పోయింది. అంతే.

అందుకే కార్బురేటర్ జోలికి పోయే ముందు ఈ పని చేయండి. ఇంజను నీరసపడుతున్న క్షణంలో, ఒకరు నడుపుతూ ఉండగా ఇంకొకరు పెట్రోలు పైపు మధ్యలోని రబ్బరు బల్బును నొక్కుతూ ఉండాలి. నొక్కినప్పుడల్లా పికప్ వస్తుంటే లోటు పెట్రోలు సరఫరాలోనే ఉంది: పంపు పొర పాడై ఉండొచ్చు, కీళ్ల దగ్గర గాలి దూరుతూ ఉండొచ్చు. బల్బు చప్పిడిగా పీల్చుకుపోయి ఉంటే క్యానుకూ బల్బుకూ మధ్య ఎక్కడో అడ్డం. పాత పైపుల్లో లోపలి పొర ఊడి ముడుచుకుపోతుంది, బయటికి కొత్తదానిలాగే కనిపిస్తుంది. నొక్కినా ఏమీ మారకపోతే అప్పుడు మెయిన్ జెట్టునీ, కరెంటు వైపునూ చూడాలి.

పెట్రోలునూ అనుమానించండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే దానిలో 20 శాతం దాకా ఇథనాలు ఉంటోంది. దానికి నీటిని పీల్చుకునే గుణం ఉంది. ఎక్కువగా పీల్చుకుంటే నీరూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగుతాయి, ఇంజను తాగేది ఆ అడుగునుంచే. క్యాను అడుగున ఉన్నది కాస్త గాజుసీసాలోకి తీసి వెలుతురులో పెట్టండి. రెండు పొరలు కనిపిస్తే ఆ పెట్రోలు వాడొద్దు.

"ఆయిలు కాస్త ఎక్కువ పోయి, ఇంజనుకు బలం" అనేవాళ్లు ప్రేమతోనే అంటారు. కానీ జెట్టు రంధ్రం పెరగదు కదా! అందులోంచి ఆయిలు ఎక్కువ వెళ్తే పెట్రోలు తక్కువ వెళ్తుంది. ప్లగ్గు మసిబారుతుంది, బరువు మీద ఇంజను వేడెక్కుతుంది. 50కి 1 అని కంపెనీ పుస్తకంలో ఉంటే 10 లీటర్లకు 200 మిల్లీలీటర్లు, అంతకు మించి చుక్క వద్దు. పాత ఇంజన్ల లెక్క వేరు, వాటి పుస్తకం చూసుకోండి.

"ప్లగ్గు మార్చు" అన్నది చెడ్డ సలహా కాదు. పాతదాని రంగు చూడకుండా పారేయడమే తప్పు.

"పెద్ద ఫ్యాన్ వెయ్, స్పీడొస్తుంది" అన్నది మాత్రం చెడ్డదే. రెక్కల వాలు మరీ ఎక్కువైతే ఇంజను తిరగాల్సినన్ని చుట్లు తిరగలేదు. సైకిలు మీద ధాన్యం బస్తా పెట్టుకుని ఏటిగట్టు ఎక్కడం లాంటిది. దీనికి తలకిందులైన జబ్బు ఇంకోటుంది: ఇంజను కేకలు పెడుతుంది, బోటు కదలదు. అప్పుడు ఫ్యాన్ నడిమి రబ్బరు బుష్ జారుతోందేమో చూడాలి. బుష్ మీదుగా ఫ్యాన్ దాకా ఒకే పెయింటు గీత గీసి, బరువుతో కాసేపు నడిపి రండి. గీత విడిపోయి ఉంటే జారుతున్నట్టే.

అన్నిటికన్నా నాకు భయం వేసే సలహా చివరిది: "సగం థ్రాటిల్ మీద నడుపుకో, అదే సర్దుకుంటుంది." సర్దుకోదు. పెట్రోలు చాలని టూ స్ట్రోక్ ఇంజనులో పిస్టన్ కాలిపోతుంది. అది జరిగేది ఒడ్డున కాదు. గోదావరి మొగ దగ్గర, ఏటి ప్రవాహమూ సముద్రపు అలలూ ఎదురెదురు తన్నుకునే చోట, అల మీదికి ఎక్కే క్షణంలో ఇంజను బలం తగ్గితే బోటు అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన బోటును రెండో అల తిరగేస్తుంది.

బావ ఇప్పుడు మొగకు ముందే, మడ చెట్ల పక్క నెమ్మది నీళ్లలో, అందరూ ఎక్కి ఉండగానే రెండు నిమిషాలు ఫుల్ ఇచ్చి చూస్తాడు. కూలింగు నీటి ధార సరిగ్గా చిమ్ముతోందా లేదా అన్నదీ అప్పుడే చూసుకుంటాడు. లాగకపోతే బోటు వెనక్కి తిప్పేస్తాడు, ఐసు కరిగిపోయినా సరే.