ఫ్లాక్ సంతకెళ్ళే సంచిని

మారిషస్‌లో నన్ను తాంత్ అంటారు. వాక్వా ఆకుతో అల్లిన సంచిని. వాక్వా అంటే మీ మొగలికి దాయాది. అంచు ముళ్ళు తీసేసి, ఎండబెట్టి, సన్నగా చీల్చి అల్లుతారు. హోటళ్ళ దుకాణాల్లో నా చెల్లెళ్ళున్నారు, పొట్ట మీద డోడో బొమ్మ కుట్టించుకుని. పాపం, వాళ్ళు కూరల బరువెరగరు.

నా యజమానురాలు తూర్పు తీరంలో ఓ హోటల్లో దుప్పట్లు ఉతుకుతుంది. ఆదివారం పొద్దున్నే ఫ్లాక్ సంతకి బయల్దేరతాం. అడుగున బంగాళాదుంపలు, పైన పిపంగాయ్, ఆపైన బ్రెద్ మురుమ్ కట్ట. కంగారు పడకండి, బీరకాయా మునగాకూనే. తమిళుల పీర్కంగాయ్, మురుంగై ఇక్కడి నోళ్ళలో నాని ఇలా అయ్యాయి. చివర్న టమాటాలు, నలగకుండా. కొట్టువాడు ‘తాంతీన్’, అంటే ‘అత్తా’, అంటూ ఆవిణ్ణి పలకరించి గుప్పెడు పచ్చిమిరప కొసరేస్తాడు.

బయట ధాల్‌పూరీ బండి. ఉడికించి పొడిచేసిన పప్పు కూరిన పల్చటి రొట్టెలు, ఎప్పుడూ జతగానే ఇస్తారు. మధ్యలో చిక్కుడుగింజల కూర, కారం. కాగితంలో చుట్టి నాలో పడేస్తుంది. నా ఎడమ పక్కనున్న నూనె మరక దానిదే.

ఆవిడ పూర్వీకులు చెరకు తోటల కూలికి ఓడెక్కి వచ్చిన తెలుగువాళ్ళు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద వాళ్ళని కోరంగీలన్నారు. ఆవిడకి తెలుగు రాదు, ఇంట్లో అంతా క్రియోలే. ఉగాదికి మాత్రం దేశమంతా సెలవు. ఆ ముందురోజు నాకు బెల్లం, చింతపండు మోత.

మధ్యలో ప్లాస్టిక్ కవర్ల మోజులో నన్ను తలుపు వెనక మేకుకి తగిలించింది. 2016 జనవరి 1న ఆ కవర్లని నిషేధించాక దుమ్ము దులిపి దింపింది. అప్పటికే ఒక పిడి తెగింది. కొడుకు నీలం వలతాడుతో బిగించాడు.

ఆదివారం మధ్యాహ్నం బెల్‌మార్ ఒడ్డున సరుగుడు తోపులో బిర్యానీ గిన్నెతో దిగుతాం. పక్కనే హోటల్ కంచె. మొన్న అటునుంచి ఓ విదేశీ పిల్ల వచ్చి, నన్ను ఎగాదిగా చూసి, ఎంతకిస్తారని అడిగింది. నా యజమానురాలు నవ్వేసి, నాలోంచి ఓ ధాల్‌పూరీ జత తీసి చేతిలో పెట్టింది. ఆ పిల్ల కారానికి కళ్ళు తుడుచుకుంటూనే రెండోది కొరికింది.