జింక అదే, సెక్షన్ వేరు

ఎల్బీనగర్ చౌరస్తా దాటి విజయవాడ హైవే ఎక్కితే, ఆటోనగర్ పక్కన 3,758 ఎకరాల అడవి తగులుతుంది. పేరు మహావీర్ హరిణ వనస్థలి. రియల్టర్ల లెక్కలో మాత్రం లేఅవుట్ పడకుండా మిగిలిపోయిన దురదృష్టం. ఒకప్పుడు నిజాం నవాబులు వేటాడుకున్న చోటిది. 1975లో దీన్ని జింకల పార్కు చేశారు. మహావీరుడి 2500వ నిర్వాణ ఉత్సవాలు అప్పుడే రావడంతో ఆయన పేరే పెట్టారు. చీమను కూడా తొక్కకుండా నడిచిన తీర్థంకరుడి పేరు వేటస్థలానికి పెట్టడం కన్నా పెద్ద ప్రాయశ్చిత్తం మన ప్రభుత్వాలు మళ్లీ చేసినట్టు లేదు. 1994లో జాతీయ పార్కు హోదా కూడా వచ్చింది.

ఇక్కడి ముఖ్య నివాసి కృష్ణజింక. మెలితిరిగిన కొమ్ములు, నల్లటి వీపు, తెల్లటి పొట్ట. దాని జోలికి పోతే ఏమవుతుందో దేశమంతటికీ తెలుసు. 1998 అక్టోబరులో జోధ్‌పూర్ దగ్గరి కంకాణిలో రెండు కృష్ణజింకలను చంపిన కేసులో సల్మాన్ ఖాన్‌కు 2018 ఏప్రిల్‌లో ఐదేళ్ల శిక్ష పడింది. శిక్ష పడటానికి పందొమ్మిదేళ్లు పైగా పట్టింది, బెయిలు రావడానికి రెండు రోజులు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది మొదటి షెడ్యూలు జంతువు. చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. ఉచ్చు పన్నినా, తరిమినా, ఆ ప్రయత్నం చేసినా చట్టం దృష్టిలో వేటే.

ఇలాంటి నేల మీద పెరిగిన కుర్రాడు చైతన్యపురిలో జీఆర్ఈ కోచింగ్, ఏదో కన్సల్టెన్సీలో ఎస్‌ఓపీ, చిలుకూరులో నూట ఎనిమిది ప్రదక్షిణలు పూర్తిచేసి డాలస్‌లో దిగుతాడు. అప్పటిదాకా వాడు దగ్గర్నుంచి చూసిన తుపాకీ ఒక్కటే, బ్యాంకు గేటు దగ్గర కునుకు తీసే గార్డు ఒళ్లోది. రెండో ఏడాది ఆఫీసులో ఒక సహోద్యోగి చేతులు బారజాపి, తాను కొట్టిన జింక కొమ్ములు ఇంత అని చూపిస్తాడు. ఆ క్షణంలో మనవాడిలో ఆరో నిజాం మేల్కొంటాడు.

మేల్కొన్న నిజాంకు మొదట తగిలేది చట్టం. సల్మాన్ జీపు ఎక్కిన ఆ 1998 అక్టోబరులోనే, వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు అని అమెరికా కాంగ్రెస్ తేల్చేసింది. ఎఫ్-1 అయినా, హెచ్-1బీ అయినా అంతే. గ్రీన్ కార్డు వస్తే వేరే సంగతి, కానీ దానికోసం క్యూలో ఉన్నవాడి మీసం నెరుస్తుంది. అయితే అదే చట్టంలో కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో ఒకటి ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. అంటే తుపాకీ ఉందని వేటకు వెళ్లడం కాదు, వేట లైసెన్సు ఉందని తుపాకీ వస్తుంది. సర్టిఫికెట్ ముందు, పని తర్వాత అనే ఈ వరుస దిల్‌సుఖ్‌నగర్‌లో చదివినవాడికి ఒకరు నేర్పాలా?

అసలు మజా ఇక్కడి నుంచే. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేటకు వెళ్లాలంటే హంటర్ ఎడ్యుకేషన్ పాసు కావాలి. పదిహేడేళ్లు నిండితే మొత్తం ఆన్‌లైన్‌లోనే కానిచ్చుకోవచ్చు. పాఠాలు, బొమ్మలు, చివర బహుళైచ్ఛిక ప్రశ్నలు. ఎంసెట్‌లో ఏ, బీ, సీ, డీల మధ్య యవ్వనం గడిపినవాడికి అడవి ఇలా ప్రశ్నపత్రం రూపంలో ఎదురైతే అంతకన్నా ఏం కావాలి? అమీర్‌పేటలో ఇంకా దీనికి మెటీరియల్ జిరాక్సు పడలేదంటేనే ఆశ్చర్యం. పరీక్షకు తీరిక లేని పెద్దవాళ్లకు పది డాలర్ల వాయిదా సదుపాయమూ ఉంది, జీవితంలో ఒక్కసారే. ఆ ఏడాది లైసెన్సున్న వేటగాడి తోడు మాత్రం ఉండాలి. సప్లిమెంటరీ పరీక్ష దేవుడి సృష్టి అని నమ్మే జాతి మనది కాబట్టి ఈ ఏర్పాటు వాడికి వింతగా తోచదు.

ఇక లైసెన్సు. టెక్సాస్‌లో ఆరు నెలలు దాటి కాపురముంటే 25 డాలర్లు, లేకపోతే 315. ఆ తేడా చూశాక ఆరు నెలలు ఆగని తెలుగువాడు ఇంకా పుట్టలేదు. ఇదేదో కలెక్టరేట్ మెట్లెక్కి తెచ్చుకునేది కాదు, వాల్‌మార్ట్ కౌంటర్లో ఇస్తారు. దాంతోపాటు తెల్లతోక జింకల ట్యాగులు వస్తాయి. జింక నేలకొరిగిన వెంటనే ట్యాగు మీద నెల, తేదీ కత్తిరించి దానికి కట్టాలి. లైసెన్సు మాత్రం ఆగస్టు 31తో చస్తుంది. అది చచ్చిన మర్నాడు కూడా తుపాకీ అల్మారాలోనే ఉంటే, వీసాదారుడు అడవి మొహం చూడకుండానే ఫెడరల్ నేరస్తుడవుతాడు. వాహన ఇన్సూరెన్సును దసరా ఆయుధ పూజ నాడు గుర్తుచేసుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు.

ఇంటికి చెప్పాలి కదా. వీడియో కాల్‌లో తల్లి అడిగేది ఒక్కటే: "గన్నెందుకు బిడ్డా? గక్కడ గూడ కుక్కలెక్కువున్నయా?" తండ్రి మాత్రం రేటు అడిగి, దాన్ని రూపాయల్లోకి గుణించి ఫోను పెట్టేస్తాడు.

ఆ తల్లి భయాన్ని నవ్వి కొట్టిపారేయడానికి లేదు. అమెరికాలో సొంత తుపాకీ శుభ్రం చేసుకుంటుండగా పేలి ప్రాణం పోగొట్టుకున్న తెలుగు విద్యార్థి వార్తను ఇక్కడి పత్రికలు అచ్చువేశాయి. గొట్టం ఎప్పుడూ మనిషి వైపు తిప్పకూడదు, ప్రతి తుపాకీలోనూ తూటా ఉన్నట్టే చూడాలి, ట్రిగ్గర్ మీద వేలు చివరి క్షణంలోనే పడాలి అన్న మూడు ముక్కలు ఆ ఆన్‌లైన్ కోర్సులోనే ఉంటాయి. మనవాళ్లు పాఠాన్ని మార్కుల కోసం చదువుతారు, మార్కులు వచ్చాక మరిచిపోతారు. ఇంజనీరింగ్‌లో దీనివల్ల ఎవరూ చావలేదు.

సరే, నవంబరు మొదటి శనివారం వచ్చింది. టెక్సాస్‌లో తెల్లతోక జింకల ప్రధాన సీజను అప్పుడే మొదలవుతుంది. రాష్ట్రంలో తొంభై శాతానికి పైగా భూమి ప్రైవేటుది. కనుక అడవిలోకి కాదు, ఎవరిదో పొలంలోకి లీజు కట్టి పోవాలి. సూర్యోదయానికి అరగంట ముందు నుంచే కాల్చవచ్చు. అంటే చీకటితోనే వెళ్లి చెక్కపెట్టె లాంటి గూట్లో నక్కాలి. ఫోను చూడకూడదు, దగ్గకూడదు, సెంటు పూసుకోకూడదు. మూసారాంబాగ్ ట్రాఫిక్‌లో పెరిగిన చెవులకు ఆ నిశ్శబ్దమే సగం శిక్ష. కాసేపటికి ఎదురుగా ఉన్న యంత్రం టైము ప్రకారం మొక్కజొన్నలు చల్లుతుంది. జింకలు టిఫినుకు వస్తాయి. ప్రైవేటు భూమిలో ఇది అక్కడ చట్టబద్ధమే. అన్నదానం పెట్టి ఆకు ముందు కూర్చోగానే కొట్టడాన్ని ఆరో నిజాం ఏమనేవాడో.

కోచింగ్‌లో రాని చాప్టరు ఆ తర్వాత మొదలవుతుంది. కొట్టిన జింక పొట్ట కోసి పేగులు అక్కడికక్కడే తీయాలి, ఆలస్యమైతే మాంసం చెడుతుంది. తినదగిన మాంసాన్ని వదిలేసి పోవడం టెక్సాస్‌లో నేరం. జన్మంతా "స్కిన్‌లెస్ కొట్టు భయ్యా" అని మొహం అటు తిప్పుకున్నవాడు, కత్తి పట్టుకుని యూట్యూబ్ వెతుకుతాడు. చివరికి సహోద్యోగే కోస్తాడు. మాంసం ప్రాసెసింగ్ దుకాణంలో సాసేజా, జెర్కీనా అని అడిగితే మనవాడు అప్పుడు నోరు విప్పుతాడు: ఎముకతో సహా చిన్న ముక్కలు, కూరకు.

ఒకటి కొట్టాక ఆశ పెరుగుతుంది. పొలం యజమాని కొత్త రేట్ల పట్టిక చేతికిస్తాడు. అందులో మెలితిరిగిన కొమ్ములు, నల్లటి వీపు, తెల్లటి పొట్ట. అవును, అదే. కృష్ణజింకను 1932లోనే టెక్సాస్‌కు తెచ్చి ఎడ్వర్డ్స్ పీఠభూమిలో వదిలారు. పాకిస్తాన్‌లో ఈ జాతి అంతరిస్తే తిరిగి పెంచడానికి జింకలను 1970లో టెక్సాస్ నుంచే పంపారు. ఎన్నారైలు సొంత గడ్డకు పెట్టుబడి తేవడం అప్పుడే మొదలైందన్నమాట. అమెరికాలో అది విదేశీ జంతువు. దానికి సీజను లేదు, ఇన్నే కొట్టాలన్న పరిమితి లేదు. లైసెన్సు, భూమి యజమాని ఒప్పుకోలు, వేలల్లో డాలర్లు ఉంటే చాలు. తొంభై ఏళ్లుగా అక్కడే కంటున్నా పౌరసత్వం రాని ఆ జింకకూ, గ్రీన్ కార్డు క్యూలో నిలబడి దాని మీద గురిపెట్టిన మనవాడికీ మధ్య నిజానికి గొడవ ఉండకూడదు.

అయినా కొట్టాడే అనుకుందాం. ఫొటో తీసుకుని, గుంపు గుంపంతా చూసేలా పంపుకోవచ్చు. కొమ్ములు మాత్రం సూట్‌కేసులో పెట్టుకుని శంషాబాద్‌లో దిగితే, కస్టమ్స్ కౌంటర్లో వాల్‌మార్ట్ రసీదు ఎవరూ చూడరు. ఇక్కడ అది మొదటి షెడ్యూలు. అందువల్ల కొమ్ములు డాలస్‌లో హాలు గోడకే ఉంటాయి. సంక్రాంతికి వచ్చినప్పుడు తెచ్చేవి ఎప్పటివే: బాదంపప్పు, చాక్లెట్లు, నాన్నకు బీపీ మిషను.