నార్త్ బ్లాక్ నేలమాళిగ నుంచి

ఢిల్లీ నార్త్ బ్లాక్ నేలమాళిగలో ఉండే ముద్రణ యంత్రాన్ని నేను. 1950లో బడ్జెట్ ముందే బయటికి పొక్కడంతో అచ్చుపనిని రాష్ట్రపతి భవన్ నుంచి మింటో రోడ్డుకు తరలించారు. 1980లో ఇక్కడికి తెచ్చారు. 2021 నుంచి ఆర్థిక మంత్రి ట్యాబ్లెట్ చూసి చదువుతున్నారు, నాకు చేతినిండా పని లేదు. కబుర్లు చెప్పే తీరిక అందుకే దొరికింది.

నా కాలంలో అచ్చుపనికి ముందు హల్వా వండేవారు. పెద్ద బాణలిలో మంత్రిగారు గరిటె తిప్పి అందరికీ పెట్టేవారు. ఆపైన తలుపులు పడేవి. సభలో ప్రసంగం అయ్యేదాకా నా దగ్గరి మనుషులు ఇంటికి వెళ్లేది లేదు, ఫోను చేసేది లేదు.

ఇంత కట్టుదిట్టం చూస్తే మంత్రి రాసిందే శాసనమనిపిస్తుంది. ఒట్టిదే. శాఖలన్నీ చాంతాడంత జాబితాలతో వస్తాయి, వాటికి కోత పెట్టి తోటి మంత్రులందరికీ చేదయ్యేది ఈయనే. అంతా తేల్చి నాచేత అచ్చేయించాక, మళ్లీ వెళ్లి లోక్‌సభను అడగాలి. సభ ఒప్పుకుని, పార్లమెంటు చట్టం చేయనిదే సర్కారు సొమ్ముండే సంచిత నిధిలోంచి పైసా తీయడానికి లేదు. కొత్త పన్నుకూ చట్టమే కావాలి.

1991 సంగతి చెబుతాను. విదేశీ మారకం కొద్ది వారాల దిగుమతులకే సరిపోయే పరిస్థితి. జులైలో దాదాపు 47 టన్నుల బంగారం లండన్‌కు తాకట్టుకు వెళ్లింది. ప్రధాని పి.వి. నరసింహారావు, రాజకీయాల్లో లేని ఆర్థికవేత్త మన్మోహన్ సింగ్‌ను అప్పటికే తెచ్చి ఆర్థిక మంత్రి బరువు నెత్తిన పెట్టారు. ఎరువుల ధర సగటున 40 శాతం పెంపు అన్న మాట తడి సిరాతో నా రోలర్ల మీదుగానే వెళ్లింది. జులై 24 సాయంత్రం ఆయన సభలో చదివారు. సభ భగ్గుమంది, సొంత కాంగ్రెస్ సభ్యులే ఎక్కువ మండిపడ్డారనుకోండి. ఆగస్టులో 40 కాస్తా 30 అయింది, చిన్న, సన్నకారు రైతులకు పెంపు తప్పింది. మిగతా బడ్జెట్ నిలబడింది. ప్రధాని ఆయన చెయ్యి వదల్లేదు.

మంత్రి తోక ముడిచారని అప్పట్లో ఎద్దేవా చేసినవాళ్లున్నారు. నేనొప్పుకోను. రైతు ఉసురు తగిలే అంకెను నేలమాళిగలో మూసిన తలుపుల వెనక ఖాయం చేసేస్తే ఇక సభ దేనికి? ఎరువుల సబ్సిడీ పద్దు మాత్రం, కాగితాల రోజులు నడిచినంతకాలం, ఏటా కొత్త అంకెతో నా దగ్గరికి వస్తూనే ఉండేది.