వాడు మావాడు కాదండీ

దసరా రోజు జీడిమెట్ల లాంటి పారిశ్రామికవాడలో ఏ చిన్న షెడ్డులోకి తొంగిచూసినా ఒకటే సందడి. పవర్ ప్రెస్సుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టి ఓనరుగారు స్వయంగా హారతి పడతారు. పక్కన నిలబడ్డ ఆపరేటరు చేతికి స్వీటు బాక్సు ఇచ్చి, భుజం మీద చెయ్యేసి ఫొటో దిగుతారు. "మావాడే. ఆరేళ్ళుగా ఈ మెషీన్ అంతా వీడే చూసుకుంటాడు" అని చుట్టపుచూపుగా వచ్చిన వాళ్ళకి చెప్పుకుంటారు. సంక్రాంతి లోపు ఆ ప్రెస్సు ఆ కుర్రాడి వేలు తినేసిందనుకోండి, తాను ఎవరి భుజం మీద చెయ్యేశారో ఓనరుగారికి గుర్తుండదు. "ఎవరోనండీ, కాంట్రాక్టరు పంపిన మనిషి. ఆ కాంట్రాక్టరు కూడా మాకు అంతగా తెలీదు." ఫొటో చూపిస్తే ప్రసాదం కోసం వచ్చుంటాడంటారు.

ప్రమాదంలో ఎముకలు విరుగుతాయని, నరాలు తెగుతాయని డాక్టర్లు చెబుతారు. హాజరు పట్టీలోంచి పేరు ఊడిపోవడం మాత్రం వాళ్ళ పుస్తకాల్లో ఉండదు. చెయ్యి మెషీన్‌లో పడ్డ క్షణానే పేరు రిజిస్టరులోంచి పడిపోతుంది. ఒకవేళ పడిపోకుండా మిగిలిందా, జీతం చిక్కిపోతుంది. నిన్నటిదాకా చేతికి పద్దెనిమిది వేలు అందుకున్నవాడు, లేబర్ ఆఫీసు నోటీసు వచ్చేసరికి ఎనిమిది వేల మనిషి. వయసు మాత్రం ఒక్కసారిగా ముదురుతుంది. దానికీ కారణం ఉంది. పరిహారం లెక్కలో వయసును బట్టి ఒక గుణకం ఉంటుంది: పదహారేళ్ళవాడికి 228.54, అరవై అయిదు దాటినవాడికి 99.37. ఒక్క ప్రమాదంతో మనిషి పేరు పోయి, జీతం సగమై, పదేళ్ళు మీద పడటం కర్మ సిద్ధాంతానికి కూడా అంతుపట్టని విషయం.

ఇక ఓనరుగారి తరఫున దాఖలయ్యే కౌంటరు. తెలుగులో హాస్యరచన తగ్గిపోయిందని బాధపడేవాళ్ళు ఏ లేబర్ ఆఫీసుకైనా వెళ్ళి ఒక పాత ఫైలు తిరగేస్తే చాలు. మూడో పేరాలో "దరఖాస్తుదారు మా వద్ద ఎన్నడూ పనిచేయలేదు" అని ఉంటుంది. అయిదో పేరాలో "గ్లౌజులు వేసుకోమని అతనిని అనేకసార్లు హెచ్చరించినాము". ఏడులో "సంఘటన సమయంలో మద్యం మత్తులో ఉండెను". తొమ్మిదిలో "అయినను మానవతా దృక్పథంతో ఆసుపత్రి ఖర్చులు భరించినాము". పదకొండులో "ప్రస్తుతం అతను మునుపటికన్నా ఎక్కువ సంపాదిస్తున్నాడు". ఎన్నడూ పనిచేయని మనిషికి గ్లౌజులు వేసుకోమని అనేకసార్లు ఎందుకు చెప్పారు, దారిన పోయే తాగుబోతుని మెషీన్ దగ్గరికి ఎవరు రానిచ్చారు అని అడగకండి. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నవాడు కనీసం ఒక్క సాకుతో ఊరుకున్నాడు.

ఇవన్నీ చెల్లవని చట్టం ఎప్పుడో చెప్పింది. పనివారి నష్టపరిహార చట్టం వచ్చింది 1923లో. పనివల్ల, పనిలో ఉండగా ప్రమాదం జరిగితే యజమాని పరిహారం కట్టాలి, అంతే. ఓనరు తప్పు చేశాడని కూలీ రుజువు చెయ్యక్కర్లేదు. కూలీ ఏమరుపాటు వల్లే జరిగిందని ఓనరు గగ్గోలు పెట్టినా లాభం లేదు. షిఫ్టు పన్నెండో గంటలో ఏ మనిషైనా ఏమరుతాడని తెల్లదొరల కాలంలోనే ఒప్పుకున్నారు. తాగి ఉండటం, భద్రత కోసం పెట్టిన ఆజ్ఞను కావాలని ధిక్కరించడం, రక్షణ కవచాన్ని కావాలని తీసెయ్యడం, ఇలా కొన్ని మినహాయింపులు ఇచ్చిన మాట నిజమే. ప్రాణం పోయినా, పూర్తిగా శాశ్వత వైకల్యం వచ్చినా అవి కూడా పనికిరావు. ఆ కవచం సంగతి షెడ్లలో అందరికీ తెలుసు. అది ఉంటే గంటకి వచ్చే పీసులు తగ్గుతాయి. తీయించేది ఎవరో, తీసినందుకు కౌంటరులో దోషి అయ్యేది ఎవరో వేరే చెప్పాలా?

కాంట్రాక్టరు మనిషి అన్న వాదానికి కూడా ఆ చట్టం 12వ సెక్షన్‌లోనే గుండు గీసింది. తన వ్యాపారంలో భాగమైన పనిని గుత్తకిచ్చినా పరిహారం బాధ్యత అసలు యజమానిదే. కట్టాక కావాలంటే గుత్తేదారు దగ్గర వసూలు చేసుకోవచ్చు. 'ఏదో ఒకరోజు పనికి వచ్చాడు, క్యాజువల్' అనే దారి కొన్నాళ్ళు తెరిచే ఉండేది. 2000లో సవరణ తెచ్చి దాన్నీ మూశారు. మూసిన తలుపుకి పాతికేళ్ళుగా దండం పెడుతూనే ఉన్నారు మన వకీళ్ళు.

ఈ సాకు ఎంత పాతదో తెలియాలంటే జైపూర్ దాకా వెళ్ళాలి, మన సరిహద్దు పక్కనే ఒడిశాలో ఉన్న జైపూర్. 1968లో అక్కడొక సినిమాహాలులో అలంకరణ పని చేస్తున్న వడ్రంగి కిందపడ్డాడు. ఎడమ చెయ్యి మోచేతికి పైన తీసెయ్యాల్సి వచ్చింది. యజమాని ఏమన్నాడు? అతను క్యాజువల్ కాంట్రాక్టరు, పైగా ప్రమాదం అతని నిర్లక్ష్యం వల్లే అన్నాడు. అక్షరం మారలేదు చూడండి. అది చాలక, ఒక చెయ్యే కదా పోయింది, ఇంకోటి ఉందిగా, కాబట్టి ఇది పాక్షిక వైకల్యమే అన్నాడు. ఒంటిచేత్తో వడ్రంగం ఎలా చేస్తాడో చెప్పే బాధ్యత మాత్రం తీసుకోలేదు. ఇలాంటి దావాలు తేల్చే కమిషనరు వేసిన పరిహారం 9,800 రూపాయలు. దాని కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1975 డిసెంబరులో నలుగురు న్యాయమూర్తులు కూర్చుని, వడ్రంగికి ఒక చెయ్యి పోతే పనికి సంబంధించినంతవరకు అంతా పోయినట్టేనని, పరిహారం బాకీ పడేది కమిషనరు తీర్పు రోజు నుంచి కాదు, ప్రమాదం జరిగిన రోజు నుంచేనని తేల్చారు.

ఇంతకీ ఎంత సొమ్ము కోసం ఈ మరుపు? ముప్పై ఏళ్ళ ఆపరేటరుకి చూపుడువేలు మొదలంటా పోయిందనుకుందాం. చట్టం పట్టికలో దాని విలువ సంపాదన శక్తిలో 14 శాతం. బొటనవేలైతే 30. ఉంగరపు వేలు ఏడే, పెళ్ళిరోజున తప్ప దానితో పనేముందనుకున్నారేమో. 1923 చట్టం కింద నెల జీతం ఎంతున్నా లెక్కలోకి తీసుకున్నది పదిహేను వేలే, అదీ 2020 జనవరి నుంచి. అంతకుముందు ఎనిమిది వేలే. ఆ పదిహేను వేలలో 60 శాతాన్ని ముప్పై ఏళ్ళ గుణకం 207.98తో హెచ్చవేసి, అందులో 14 శాతం తీస్తే 2,62,055 రూపాయలు తేలుతుంది. ఓనరుగారి అమ్మాయి సంగీత్‌కి డీజే, లైటింగు కలిపితే ఇంకాస్త ఎక్కువే అవుతుంది. నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఎగ్గొడితే సగం దాకా జరిమానా కూడా ఉన్నాయి. అయినా కట్టరు. ఒకడికి కడితే మిగతావాళ్ళకి తమ వేళ్ళు గుర్తొస్తాయని భయం.

ప్రాణం పోయినప్పుడు కథ మార్చురీ దగ్గర నడుస్తుంది. శవం లోపల, బేరం బయట. ఓనరు తరఫున ఒక పెద్దమనిషి, ఊరి నుంచి వచ్చిన ఇంకో పెద్దమనిషి, మధ్యలో బాండు పేపరు. "ఇంత ముట్టినది, ఇకమీదట ఎటువంటి క్లెయిము చేయము" అని రాసి, ఏడుస్తున్న ఆడమనిషి వేలిముద్ర తీసుకుంటారు. పాపం, ఆ నోటరీ స్టాంపు ఖర్చు కూడా దండగే. మరణ పరిహారం కమిషనరు దగ్గర డిపాజిట్ చెయ్యాలే తప్ప నేరుగా ఇచ్చిన డబ్బు పరిహారం కింద చెల్లదని 1923 చట్టం 8వ సెక్షన్, హక్కు వదులుకున్నానని రాసిచ్చిన కాగితమేదైనా చెల్లదని 17వ సెక్షన్ ఎప్పుడో చెప్పాయి. ఈ సంగతి ఆ పెద్దమనుషులిద్దరికీ తెలుసు. తెలియనిది వేలిముద్ర వేసిన మనిషికే. ఒకేసారి పదుల సంఖ్యలో పోతే మాత్రం వేరే మర్యాద. అచ్యుతాపురం సెజ్‌లో 2024 ఆగస్టు 21న పదిహేడు మంది పోయినప్పుడు, పాశమైలారంలో 2025 జూన్ 30న అంతకు రెట్టింపు పైగా పోయినప్పుడు తలకి కోటి అన్న మాట వినిపించింది. కెమెరాలు రావాలంటే గుంపుగా పోవాలి కాబోలు. ఒంటరిగా రైసుమిల్లు బెల్టులో పడి పోయినవాడు ఎవరోనే.

షెడ్డులోపల ఎవరో తేల్చుకోవడమే ఇంత కష్టమైతే, దారిలో ఉన్నవాడి సంగతేమిటి? మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ 2003 ఏప్రిల్ 22న తెల్లవారుజాము మూడింటి డ్యూటీకి మోటారుసైకిల్ మీద బయల్దేరి, ఫ్యాక్టరీకి అయిదు కిలోమీటర్ల ఇవతల ప్రమాదంలో చనిపోయాడు. గేటు దాటలేదు కాబట్టి పనిలో లేడన్నారు. నిద్రపోయే వేళ షికారుకి వెళ్ళాడన్నమాట. కమిషనరు 3,26,140 రూపాయలు ఇమ్మంటే, 2011లో హైకోర్టు కొట్టేసింది. 2025 జులైలో సుప్రీంకోర్టు ఆ దారి కూడా పనిలో భాగమేనని చెప్పి పరిహారాన్ని నిలబెట్టింది. పరిహారం దరఖాస్తులు మూడు నెలల్లో తేల్చాలని ఆ 1923 చట్టంలోనే ఒక సెక్షన్ ఉండేది. ఇక్కడ పట్టింది ఇరవై రెండేళ్ళు.

పాత చట్టం ఇప్పుడు లేదు. 2025 నవంబరు 21 నుంచి దాని సరుకంతా సాంఘిక భద్రతా కోడ్‌లో కలిసింది. ఇంటి నుంచి పనికి వచ్చే దారి సంగతి అందులో నేరుగా రాశారు, సంతోషం. అయితే హైదరాబాద్ రోడ్ల మీద రంగురంగుల టీషర్టులేసుకుని, వీపున పెద్ద సంచీతో బిర్యానీ మోసుకెళ్ళే కుర్రాళ్ళున్నారు. వాళ్ళ దారే వాళ్ళ ఫ్యాక్టరీ. వాళ్ళ విషయంలో కంపెనీలకి హాజరు పట్టీ దిద్దే శ్రమ లేదు. చేరినరోజే ఫోనులో ఒక నొక్కు నొక్కించి, నువ్వు మా ఉద్యోగివి కాదు, భాగస్వామివని ఒప్పించుకుంటాయి. లాభాల్లో భాగం ఏదని అడక్కండి, ప్రమాదంలో మాత్రం పూర్తి భాగం అతనిదే. కొత్త కోడ్ ఈ కుర్రాళ్ళని పేరుపెట్టి పిలిచింది. వాళ్ళ కోసం నిధి అంది, కంపెనీల టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం అంది, ప్రమాద బీమా పథకం పెట్టవచ్చంది. కానీ వాళ్ళు సంప్రదాయ యజమాని, ఉద్యోగి సంబంధానికి బయటివాళ్ళని నిర్వచనంలోనే రాసి, పరిహారం అధ్యాయం గడప బయట నిలబెట్టింది. వందేళ్ళపాటు కోర్టుల్లో ఓడిపోతూ వచ్చిన కౌంటరు మూడో పేరా ఆఖరికి పార్లమెంటులో గెలిచింది.